ఉప్పులో పెరిగిన శంఖాలు

కొలత రెండోసారీ అలాగే వచ్చింది.

స్వరూప మైక్రోస్కోపు మీంచి తలెత్తి కళ్ళు నులుముకుంది. పలక మీది స్ఫటికాన్ని పట్టకారుతో జాగ్రత్తగా తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, ఆరబెట్టి, మూడోసారి పెట్టింది. ఏ దుమ్ము కణమో అంటుకుని ఉంటుందని, అది పోతే అంతా మామూలేనని తనకు తాను చెప్పుకుంది. దుమ్ము కాదు. స్ఫటికం కొస పోయిన నెల ఉన్నచోట లేదు. తల వెంట్రుక మందంలో సగం మేర ముందుకు జరిగింది.

కందిగింజంత ఉండే ఆ స్ఫటికాన్ని ల్యాబులో అందరూ శంఖం అనేవాళ్ళు. మొదట వెడల్పుగా మొదలై, రెండున్నర చుట్లు తిరిగి, సన్నటి మొనతో ముగుస్తుంది. మనిషి లోపలి చెవిలో ఉండే చుట్ట ఎలా ఉంటుందో అచ్చం అలాగే. దాన్ని ఎవరూ చెక్కలేదు. నియోబియం ఆక్సైడు పొడిని కరిగిన ఉప్పులో వేసి, ప్లాటినం మూసలో వెయ్యి డిగ్రీలకు పైన మరిగించి, గంటకు ఒక్క డిగ్రీ చొప్పున చల్లారుస్తూ పోతే ఆ ఉప్పులోనే స్ఫటికం పెరుగుతుంది. మామూలుగా అయితే అది పలకలు దేరి తిన్నగా పెరగాలి. స్వరూప కనిపెట్టింది దాన్ని వంచే విద్య. ఉప్పులోంచి సన్నటి కరెంటు పంపి, పూటపూటకూ దాని దిక్కు మారుస్తూ పోతే, పందిరి మీదికి మళ్ళించిన తీగలా స్ఫటికం వంగుతూ పెరిగేది. ఎవరి చెవిని స్కాన్ చేసి ఇస్తే వాళ్ళ చెవికి సరిపోయే చుట్ట. శబ్దం తగిలితే శంఖం కంపిస్తుంది, కంపిస్తే దానిలోంచే పిసరంత కరెంటు పుడుతుంది, ఆ కరెంటును నరం అందుకుంటుంది. బ్యాటరీ లేదు, చెవి వెనక మిషను లేదు. బొత్తిగా వినబడని మనిషికి వినబడుతుంది.

అప్పటికి పదిహేడు మందికి అమర్చారు. ప్రతి ఒక్కరికీ ఒకే మూసలో రెండు శంఖాలు పెంచేవాళ్ళు. ఒకటి చెవిలోకి వెళ్ళేది. రెండోది ల్యాబులో ఒంటి వేడిమితో ఉండే అరలో, ఒంట్లో ఉన్నంత ఉప్పు కలిపిన నీళ్ళలో, చిన్న సీసాలో ఉండేది. చెవిలోదాన్ని బయటికి తీసి కొలవలేం కనక దాని తోడుదాన్ని నెలనెలా కొలవడం స్వరూప పని. ఆరు నెలలుగా కొలుస్తోంది. ఆరు నెలలుగా ఏమీ లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న సీసా మీద అతికించిన కాగితం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ‘అడెపు రాజమల్లు, 44 ఏళ్ళు, సిరిసిల్ల.’

రాజమల్లు ఆమె సొంత అన్న.

మధ్యాహ్నం అన్నం మాట మర్చిపోయి మిగతా సీసాలన్నీ తీసింది. సాయంత్రానికి పదిహేడూ అయ్యాయి. పదకొండింటి కొసలు జరిగాయి. తూకం వేస్తే దేని బరువూ పెరగలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. బయటి నుంచి ఏమీ తీసుకోకుండా పెరుగుతోందంటే తనలోంచే తీసుకుంటోంది. మొదలు దగ్గర కొలిచి చూసింది. మొదలు పలచబడింది. వంపు తిరిగిన చోట్ల అణువంత అణువంత కరిగి, కొస దగ్గర తిన్నగా పేరుకుంటోంది. మూసలో ఏ శంఖం ఎంత నిర్దోషంగా పెరిగిందో దాని కొస అంత ఎక్కువ జరిగింది. అన్న కోసం అందరికంటే శ్రద్ధగా, పదమూడు రోజులు కొలిమి దగ్గరే ఉండి పెంచింది. అది అన్నిటికంటే ముందుంది.

ఆ రోజు నాలుగో తారీఖు.

*

ప్రొఫెసర్ రంగనాథం కాగితాలు రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని ఉప్పు కొలుముల దగ్గర ఒంటరిగా పనిచేసినవాడు. స్వరూపను తన గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పినవాడు.

“దాన్ని మనం వంచాం సార్” అంది స్వరూప. “వంపు దానిది కాదు. ఒంట్లో ఉప్పునీళ్ళు తగిలేసరికి తన ఆకారం తను వెతుక్కుంటోంది. తిన్నబడుతోంది.”

“తిన్నబడి?”

“సూదవుతుంది. చెవి చుట్ట పక్కనే ముఖం నరం పోతుంది. దాని అవతల మెదడు పొర.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “సీసాలో జరిగింది చెవిలో జరగాలని లేదమ్మా. చెవిలో కదలిక ఉంది, ప్రొటీన్లు ఉన్నాయి. అవి దాన్ని కరగనివ్వకపోవచ్చు. ఒక్క నెల కొలత పట్టుకుని పదిహేడు మంది చెవులు మళ్ళీ కోయిద్దామా? శంఖం తీస్తే దాంతోపాటు మిగిలిన కాస్త నరమూ పోతుంది. మళ్ళీ ఏదీ పెట్టడానికి ఉండదు. రేపు ఇది పొరపాటు కొలత అని తేలితే వాళ్ళ మొహాలు ఎలా చూస్తావు?”

నిజం చెప్పాలంటే, దీనికి జవాబు వెతకాలని స్వరూపకూ లేదు. పొరపాటు కొలత అన్న మాట చెవిన పడగానే గుండెల మీంచి ఎవరో బరువు దించినట్టయింది.

“రెండు వారాలు ఆగుదాం. మళ్ళీ కొలుద్దాం. కొత్తగా ఎవరికీ అమర్చొద్దని ఆసుపత్రికి నేను చెప్తాను. కారణం చెప్పను” అన్నాడాయన.

“సరే సార్” అంది.

ఆ ‘సరే’ ఎంత తేలిగ్గా వచ్చిందో తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

*

ఆదివారం సిరిసిల్ల వెళ్ళింది. చెప్పడానికి కాదు, చూడటానికి. బస్సులో కూర్చున్నంతసేపూ అన్న ముఖంలో ఏం వెతకాలో లెక్క వేసుకుంటూనే ఉంది. కనురెప్ప సరిగ్గా మూసుకుంటోందా, మూతి ఒక పక్కకు లాగుతోందా, నడక తూలుతోందా.

రాజమల్లు పద్దెనిమిదో ఏట మరమగ్గాల షెడ్డులో చేరాడు. నలభై మగ్గాలు ఒక్క రేకుల షెడ్డు కింద ఆడుతుంటే పక్కన మనిషి అరిచినా పెదాల కదలికే తప్ప మాట ఉండదు. నాలుగేళ్ళకు గంట మోత పోయింది, ఏడేళ్ళకు మాట పోయింది. బిడ్డ మేఘన పుట్టేనాటికి అతని లోకంలో ఏ చప్పుడూ లేదు. ఆ పిల్ల ఏడ్చిందీ, మొదటి మాట పలికిందీ అతను కళ్ళతో చూశాడు. శంఖం పెట్టిన నాడు మేఘనకు పద్నాలుగేళ్ళు. “బాపూ” అని పిలిస్తే, ఆసుపత్రి మంచం మీద కూర్చున్న మనిషి తలుపు వైపు తిరిగి, “ఎవరో పెద్దామె పిలుస్తున్నది” అన్నాడు. అతని మనసులో ఆ పిల్ల గొంతు ఇంకా పసిగొంతే.

స్వరూప వెళ్ళేసరికి అన్న వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటే కళ్ళు మూసుకుని వింటున్నాడు.

“వచ్చినవా చెల్లె. నీ చెప్పుల సప్పుడుకే గుర్తుపట్టిన” అన్నాడు నవ్వుతూ.

నవ్వు రెండు పక్కలా సమంగా ఉంది.

“పొద్దంతా ఆయనే మాట్లాడుతుండు స్వరూపా” అంది వదినె పద్మ, గిన్నెలు సర్దుతూ. “గోడతోని గూడ మాట్లాడుతుండు. తన గొంతు తనకే ముద్దొస్తున్నదట.”

“ఇరవై ఏండ్లు మూగోని లెక్క బతికిన. నాకేం రాదా?” అన్నాడు రాజమల్లు. అంతలో ఆగి, తల ఓ పక్కకు వంచాడు. “ఒక్కటే చెల్లె. నాలుగొద్దుల నుంచి సన్నగ ఈల వినవడ్తున్నది. దూరంగ రైలు పోయినట్టు. మంచిదే గదా? ఇంక బాగ వినవడేతందుకు అట్ల జేస్తదా?”

స్వరూప మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది. అన్న కుడికన్ను కింద చర్మం ఒక్కసారి అదిరింది. ఈగ వాలితే ఎద్దు చర్మం అదిరినట్టు, అంతే. మళ్ళీ మామూలైపోయింది.

“ఏం, పలుకుతలేవు?”

“డాక్టరుకు చూపిద్దాం అన్నా. ఈ వారంలో హైదరాబాదుకు రా.”

“గింత దానికి హైదరాబాదా?”

“రా అన్నా” అంది గట్టిగా. పద్మ చేతిలో గిన్నె ఆపి ఆమె వైపు చూసింది. మేఘన పుస్తకంలోంచి తలెత్తి, “ఏమైంది అత్తమ్మా?” అంది.

“ఏం లేదు. మామూలుగానే.”

తిరుగు బస్సులో ఆమె మనసు ఒక్కచోట నిలవలేదు. ఈల రోజూ ఎందరికో వినబడుతుంది. కంటికింద అదరడం నిద్ర చాలకపోతే ఎవరికైనా వస్తుంది. ప్రొఫెసర్ రెండు వారాలు అన్నారు, మూడు రోజులు అయిపోయాయి. ఆ కూడికల తీసివేతల మధ్య మిగతా పదహారు మంది ఆమెకు గుర్తుకు రాలేదు.

*

పదమూడో తారీఖు పొద్దున, స్కాను గదిలో డాక్టర్ నసీమా తెర మీద రాజమల్లు చెవి బొమ్మను పెద్దది చేసింది. శంఖాలన్నీ చెవుల్లో అమర్చింది ఆమే. చేతివేళ్ళు చాలా నెమ్మదిగా కదిలే మనిషి. ఆ వేళ్ళు తెర మీద ఆగిపోయాయి.

“స్వరూపా, ఇదేమిటి?”

చుట్ట చివర, ఉండకూడని చోట, తెల్లగా సన్నటి గీత. సీసాలోది జరిగిన దూరానికి ఎన్నో రెట్లు. ఎముక గోడను అవతలి వైపుకు నెడుతోంది. ఇంకొక్క దారప్పోగు దూరంలో ముఖం నరం ఉంది.

“దీని సంగతి నీకు తెలుసా?” అని అడిగింది నసీమా.

“తెలుసు మేడమ్.”

నసీమా తెర వైపే చూస్తూ, “రేపే తీయాలి” అంది.

వరండాలో బల్ల మీద రాజమల్లు కూర్చుని, నర్సులు ఒకరినొకరు పిలుచుకోవడం వింటున్నాడు. స్వరూప పక్కన కూర్చుని అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. వంపు, సూది, నరం, ఆపరేషను, ఆ తర్వాత ఇక ఎప్పటికీ వినబడకపోవడం. అతను మగ్గం మీద పోగు తెగిందేమో చూసేవాడిలా నేల వైపే చూస్తూ విన్నాడు.

“సరే” అన్నాడు చివరికి. “నాది సరే. మిగిలినోళ్ళో?”

స్వరూప ఒళ్ళో ఉన్న సెల్‌ఫోనును తిరగేసి పెట్టుకుంది.

“మేం పదిహేడు మందిమి గదా. ఆసుపత్రిల ఒక్కతాన పండుకున్నం, ఒక్కతాన తిన్నం. వాళ్ళకు చెప్పినవా?”

“ఇంకా లేదు.”

“నీకెప్పుడు ఎరుకయింది?”

“నాలుగో తారీఖున.”

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తొమ్మిది. తర్వాత చెల్లెలి ఒళ్ళో ఉన్న సెల్‌ఫోను తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. “చెయ్యి. నా ముంగటనే చెయ్యి. వింట.”

ఆ వరండాలో నిలబడి ఆమె పదహారు మందికి ఫోను చేసింది. ఏడాది కింద ఇదే ఫోను చేసి ఉంటే వాళ్ళలో ఒక్కరికీ వినబడేది కాదు. ఇప్పుడు ప్రతి ఒక్కరూ మొదటి గంటకే ఎత్తారు. ఎత్తి, “హలో, వినవడ్తున్నది మేడమ్, చెప్పుండ్రి” అన్నారు సంబరంగా. ఆ వినబడే చెవుల్లోనే ఆమె ఆ మాట చెప్పాల్సివచ్చింది. ఒకతను ఫోను పట్టుకునే ఏడ్చాడు. ఒకామె మళ్ళీ చెప్పమని మూడుసార్లు అడిగింది. గ్రానైటు క్వారీలో నలభై ఏళ్ళు బండలు పేల్చి చెవులు పోగొట్టుకున్న ఐలయ్య, “సూదయితే సూదాయె బిడ్డా. నాకింకెన్నేండ్లున్నయ్? నా గొర్ల అరుపులు నన్ను విననియ్యి” అని ఫోను ఆపేశాడు.

హుస్నాబాదులో అంగన్‌వాడీ టీచరు హైమకు చేసినప్పుడు మాత్రం ఫోను ఆమె ఎత్తలేదు. తల్లి ఎత్తింది.

“ఏ ఆసుపత్రి నుంచమ్మా? పిల్లకు నిన్న పిల్లలకు పాట చెప్తుంటే మూతి వంకర పోయింది. కన్ను మూతపడ్తలేదు. కరీంనగర్ల చేర్చినం. మీరు చేసిందానికేమన్న సంబంధముందా అమ్మా?”

నిన్న. పన్నెండో తారీఖు.

రాజమల్లు లేచి వచ్చి స్వరూప చెయ్యి పట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

*

ప్రొఫెసర్ రంగనాథం ఆ మధ్యాహ్నమే కొలుములన్నీ ఆపించి, జరిగిందంతా రాసి, రెండు వారాలు ఆగమన్నది తానేనని కింద సంతకం పెట్టాడు. స్వరూప దాని కింద తన సంతకమూ పెట్టింది. డాక్టర్ నసీమా మూడు వారాల్లో పదహారు శంఖాలు బయటికి తీసింది. అందరి ప్రాణాలూ నిలిచాయి. ముఖాలూ నిలిచాయి, హైమది తప్ప. ఆమె నరాన్ని సూది అప్పటికే సగం కోసేసింది.

రాజమల్లు ఆపరేషనుకు ముందు రాత్రంతా ఎవరినీ పాడమని గాని మాట్లాడమని గాని అడగలేదు. తనే మాట్లాడాడు. మగ్గాల సంగతులు, అమ్మ చేసే సర్వపిండి సంగతి, పెళ్ళిచూపుల్లో పద్మ కట్టిన చీర రంగు, ఏది తోస్తే అది. తల్లితో వచ్చిన మేఘన అతని మోకాలి దగ్గర కూర్చుని విన్నది. తన గొంతు తనకు ఆఖరుసారి వినబడుతుంటే మనిషి ఎలా మాట్లాడతాడో స్వరూప ఆ రాత్రి చూసింది. మర్నాడు మత్తులోంచి లేచాక అతను నోరు తెరిచి ఒక మాట అని, ఆగి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. అంతే.

మిగిలింది ఒక్క ఐలయ్య. ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు.

నెల తిరిగాక స్వరూప కారు మాట్లాడుకుని ఒక్కతే హుస్నాబాదు వెళ్ళింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. హైమ ఇరవై ఏడేళ్ళ పిల్ల. ఇరవయ్యో ఏట విషజ్వరంలో చెవులు పోయాయి. ఇంటి ముందు అరుగు మీద స్కార్ఫుతో కుడిచెంప కప్పుకుని కూర్చుని ఉంది. స్వరూపను చూసి పక్కన చోటు చూపించింది. ఏమీ వినబడని మనిషికి మాట ఎలా చెప్పాలి? సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసింది.

‘నాలుగో తారీఖున నాకు తెలిసింది. పదమూడున చెప్పాను. ఆ మధ్యలో చెప్పి ఉంటే నీకు ఇలా అయ్యేది కాదు.’

హైమ చదివింది. మళ్ళీ చదివింది.

“మరి పదమూడున ఎందుకు చెప్పిండ్రు?” అంది. పెదాలు ఒకపక్క కలవక మాటల్లో సగం అక్షరాలు గాలిలా జారిపోయాయి. స్వరూప ఒక్కో మాటా కూడబలుక్కుని అర్థం చేసుకుంది.

దీనికి రాయగలిగిన అబద్ధాలు ఆమె మనసులో నాలుగైదు మెదిలాయి.

‘ఆ రోజు మా అన్న స్కాను చూశాను.’

హైమ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. వీధిలోంచి ట్రాక్టరు ఒకటి దడదడా పోయింది, ఆమె తల తిప్పలేదు. పుస్తకం అట్ట మీద చెయ్యి ఆనించి అడిగింది.

“ఐలయ్య తాత తీయించుకున్నడా?”

స్వరూప లేదన్నట్టు తల ఊపింది.

“మీరు చెప్తే ఎందుకు వింటడు?” హైమ లేచి నిలబడింది. లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకొచ్చింది. “నేనొస్త పాండ్రి. మీకోసం కాదు. మిమ్ముల నేనేం మాఫు చెయ్యలే.”

కారులో హైమ వెనక సీట్లో కూర్చుంది.

ఐలయ్య ఇల్లు క్వారీ గుట్ట వెనక ఉంది. ముసలాయన దొడ్డి దగ్గర నులకమంచం మీద కూర్చుని గొర్లకు తుమ్మకాయలు వేస్తున్నాడు. కారు చప్పుడు విని ముందే లేచాడు. స్వరూపను చూడగానే ముఖం ముడుచుకున్నాడు. “రానని చెప్పిన గదా, మళ్ళెందుకొచ్చినవు?” అన్నాడు. ఆ మాట అంటుంటే అతని కుడికన్ను కింద చర్మం అదరడం స్వరూప చూసింది.

వెనకనే హైమ దిగింది. ఆయన ముఖం విప్పారింది. “టీచరమ్మా, నువ్వా? రా బిడ్డా.”

హైమకు అది వినబడలేదు. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. స్కార్ఫు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వంకరపోయిన మూతి, మూతపడని కన్ను, దానిలోంచి ఊరికే కారుతున్న నీరు. ఐలయ్య చేతిలో తుమ్మకాయలు చేతిలోనే ఉండిపోయాయి.

“తాతా” అంది హైమ నిదానంగా, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ. “నేను పిల్లలకు పాటలు చెప్పేదాన్ని గదా. ఆసుపత్రిల పాడుతుంటే నువ్వు విన్నవు. ఇప్పుడు నా మాట ఎట్లున్నదో నాకు తెల్వది. ఎవర్నడిగినా మంచిగనే ఉన్నదంటరు. నువ్వు చెప్పు. ఎట్లున్నది?”

ముసలాయన నోరు తెరిచాడు. చెప్పినా ఆమెకు వినబడదని గుర్తొచ్చి మూశాడు. పాలిపోయిన ఆమె చెంప మీద మొరటు చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. దొడ్డిలో గొర్రెపిల్ల ఒకటి అరిచింది. ఆయన తల అటు తిరిగింది, అది అరుపు ఆపేదాకా మళ్ళీ ఇటు తిప్పలేదు.

తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. స్వరూప హైమ వైపు చూసింది. హైమ తలుపు వైపే చూస్తోంది.

ఆయన ఉతికిన అంగీ వేసుకుని, భుజాన తువ్వాల వేసుకుని బయటికొచ్చాడు.

“గొర్లను పక్కింటోళ్ళకు అప్పజెప్పొస్త” అన్నాడు స్వరూపతో. “జెర ఆగుండ్రి.”